వంకర నవ్వుల గోడ

స్టేడియం వెనక గేటు పక్కన, గ్యాలరీ కింద, రెండంతస్తుల గదుల వరస ఉంది. కింద బూట్లు కుట్టేవాడు, టెన్నిస్ రాకెట్లకు తీగలు బిగించేవాడు, జెండాల కొట్టు. మెట్లెక్కితే పళ్ళ డాక్టరమ్మ క్లినిక్. ముందు గదిలో కూర్చున్న కొత్త పేషెంటు మొదటి ఐదు నిమిషాలూ లోపలి మిషను చప్పుడు విని బిక్కచచ్చిపోతాడు. తర్వాత తల తిప్పి గోడ చూస్తాడు. దవడ వాచినవాడికి నవ్వడమంటే నరకమే, అయినా నవ్వుతాడు.

గోడ మీద నూట పధ్నాలుగు ఫొటోలు. దేశం తరఫున ఆడిన హాకీ గోల్‌కీపరు, రెండు పతకాల ఈతగత్తె, వస్తాదులు, టీవీలో వార్తలు చదివే ఆవిడ, ఇద్దరు మాజీ మంత్రులు, ఒక న్యాయమూర్తి. అందరూ డాక్టరమ్మ పక్కన నిలబడి నవ్వుతున్నారు. ఒక్కరి నవ్వూ తిన్నగా లేదు. కొందరికి కుడి పెదవి లేచి ఎడమది జారింది. కొందరికి కింది పెదవి ఓ పక్క వేలాడింది. న్యాయమూర్తిగారైతే సగం మొహంతో నవ్వుతూ మిగతా సగంతో తీర్పు చెప్తున్నట్టుంటారు.

కారణం మత్తుసూది. ఈ క్లినిక్‌లో ఫొటో తీసేది పన్ను పని అయిన వెంటనే, పెదవికి ఇంకా స్పర్శ రాకముందు. కుర్చీ ఎక్కేముందు అడిగితే ఎవరికీ ఫొటో మీద మనసుండదు. ఇంటికి వెళ్ళి నొప్పి తగ్గిన పెద్దమనిషి ఫొటో కోసం మళ్ళీ మెట్లెక్కడు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకునే ఆ ఐదు నిమిషాల్లో మాత్రం ఎంతటివాడైనా అడిగిందానికల్లా సరేనంటాడు. ఈ కిటుకు కనిపెట్టింది నర్సమ్మ. ఇరవై ఏడేళ్ళ క్రితం గోల్‌కీపరును గుమ్మం దగ్గర ఆపి, తన సొంత కెమెరాతో మొదటి ఫొటో తీసింది ఆవిడే. అప్పటినుంచి అదే ఆనవాయితీ. ఆటగాళ్ళు దానికి వంకర గోడ అని పేరు పెట్టారు. జట్టులో చోటు దొరకడం ఒక ఎత్తు, వంకర గోడ మీద చోటు దొరకడం ఒక ఎత్తు అని కొత్తవాళ్ళను ఆటపట్టించేవారు.

ఊళ్ళో మిగతా పళ్ళ డాక్టర్ల దగ్గరా పెద్దవాళ్ళ ఫొటోలున్నాయి. వాటిలో నవ్వులు ముత్యాల వరసలే. ఏదో సభలో ఆటగాడి పక్కకు దూరి నిలబడి, దాన్ని చట్రం కట్టించి తగిలించినవి చాలావరకు. డాక్టరమ్మ వాటిని చూసి మూతి విరిచేది. "నా గోడకి సాక్షులు అక్కర్లేదు. నవ్వు వంకరగా ఉందంటే సూది నేనే వేశానని అర్థం" అనేది.

గోడకు రెండే నియమాలు. ఫొటో వెనక పేషెంటు తన చేత్తో, పెట్టుకోవచ్చని రాసి సంతకం చేయాలి. ఎప్పుడు తీసేయమన్నా మారుమాట లేకుండా తీసేయాలి. కింద తేదీ, ఏ పన్ను అన్నది డాక్టరమ్మ భర్త రాస్తాడు. ఆయన డ్రాయింగు మాస్టారుగా చేసి మానేశాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, నత్త నడక. మూడు మాటలు రాయడానికి ఒక పూట పట్టేది.

గొడవ మొదలైంది ఛాంపియన్ ఫొటోతో. ఒకప్పుడు బాక్సింగులో పతకం తెచ్చిన మనిషి, ఇప్పుడు స్టేడియం కమిటీ అధ్యక్షుడు. పదకొండేళ్ళ క్రితం పైదవడలో ఎడమవైపు దంతం విరిగి, వేరు లోపలే ఉండిపోతే డాక్టరమ్మ గంటసేపు కష్టపడి తీసింది. ఫొటోలో ఆయన కుడి పెదవి సింహంలా లేచింది, ఎడమ పెదవి గొర్రెలా పడుకుంది. వెనకవైపు ఆయనే, "పెట్టుకోండి, నాకు గర్వం" అని పెద్దక్షరాలతో రాశాడు.

ఈ ఏడాది ఆయన నగరసభ ఎన్నికల్లో నిలబడ్డాడు. ముందు గదిలో కూర్చున్నవాళ్ళెవరో గోడ మీద ఆ ఫొటోను సెల్‌ఫోనులో పట్టుకుపోయారు. వారం తిరిగేసరికి అది ఊరంతా పోస్టరైంది. కింద ఒక్కటే వాక్యం: ఈయన మాట ఇచ్చేది కుడి పెదవితో, తప్పేది ఎడమ పెదవితో. బస్సుస్టాపుల్లో దాన్ని చూసి నవ్వనివాళ్ళు లేరు. రాసినవాడికి చెయ్యి తిరిగిందని డాక్టరమ్మ కూడా మనసులో మెచ్చుకుంది. ఆ వెంటనే భయపడింది.

భయపడాల్సిందే. గదులు కమిటీవి. మూడేళ్ళకోసారి లీజు రాస్తారు. ఈసారి గడువు ఆ నెలాఖరుకే. యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకోచోట క్లినిక్ పెట్టడం ఒక సంగతి. ఆటస్థలంలో మూతి పగిలినవాళ్ళు తువ్వాలు అడ్డం పెట్టుకుని నడిచి వచ్చేంత దగ్గరలో ఉండటం ఇంకో సంగతి. ఆ దగ్గరతనమే ఆమె వృత్తి. ఊరి చివర అద్దాల క్లినిక్ పెట్టి పళ్ళకు తెలుపు వేసుకుంటూ బతకడం ఆమెకు తెలియని విద్య.

మొదట కమిటీ సెక్రటరీ వచ్చాడు. ఫొటో తీసేయాలన్నాడు. డాక్టరమ్మ ఎందుకని కూడా అడగలేదు. చేతి తొడుగులు విప్పి, స్టూలెక్కి, ఫొటో దించి సొరుగులో పెట్టింది. ఆయన మొహం ఆయన ఇష్టం. సెక్రటరీ ఇంత సులువుగా పనవుతుందని అనుకోలేదు. నర్సమ్మ ఇచ్చిన టీ తాగి, లీజు సంగతి తను చూసుకుంటానని చెప్పి మరీ వెళ్ళాడు.

రెండోరోజు మళ్ళీ వచ్చాడు. చంకలో అట్టపెట్టె, చేతిలో ఒక కాగితం. పెట్టెలో అదే ఫొటో, రెండింతలు పెద్దది, బంగారు రంగు చట్రంలో. అదే చొక్కా, అదే డాక్టరమ్మ, అదే గోడ. ఛాంపియన్ నవ్వు మాత్రం గీత గీసినట్టు తిన్నగా ఉంది. దీన్ని పాత మేకుకే తగిలించాలట. కాగితంలో నాలుగు వాక్యాలు. ఊళ్ళో తిరుగుతున్న ఫొటో తన క్లినిక్‌లో తీసింది కాదని, ఎవరో గిట్టనివాళ్ళు మొహం వంకర చేసి పుట్టించిందని, అసలు ఫొటో ఇప్పుడు గోడ మీద ఉన్నదేనని డాక్టరమ్మ ప్రకటించాలి. కింద సంతకానికి చోటు వదిలారు. లీజు కాగితం కూడా తెచ్చాడు. మూడేళ్ళకు కాదు, పదేళ్ళకు. దాని మీద అధ్యక్షుడి సంతకం ఇంకా పడలేదు.

సెక్రటరీ వెళ్ళాక నర్సమ్మ చట్రం వంక చూసి, "మనిషిని ఇస్త్రీ చేశారమ్మా" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారు కాగితాన్ని దీపం దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ఆయన గొడవలకు ఆమడ దూరం. వంకర ఫొటో ఎటూ సొరుగులోకి పోయిందనీ, ఈ నాలుగు వాక్యాలు ఎన్నికలయ్యాక ఎవరికీ గుర్తుండవనీ నెమ్మదిగా చెప్పాడు. చివరికి, "ఒక్క సంతకమేగా" అన్నాడు.

డాక్టరమ్మ కంచం ముందు కూర్చుని అన్నం కలిపింది. ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. సంతకం పెట్టి పదేళ్ళు నిశ్చింతగా ఉండొచ్చన్న ఆలోచన ఆమెకూ వచ్చింది, పొద్దుటినుంచి నాలుగుసార్లు వచ్చింది.

"నేను ఒకళ్ళ నోట్లో చూసి, ఈ పన్ను ఉంటుంది, ఇది ఉండదు అని చెప్తాను" అంది ఎట్టకేలకు. "వాళ్ళకి లోపల ఏముందో కనపడదు. నా మాట నమ్మి నోరు తెరుస్తారు. రేపు నేను తీసిన ఫొటో నేను తియ్యలేదని రాసిస్తే, ఎల్లుండి నా మాట మీద పన్ను ఎవరు పీకించుకుంటారు? మీరు పీకించుకుంటారా?"

మాస్టారు నాలుకతో తన దవడ తడుముకున్నాడు. ఆయన నోట్లోంచి ఆమె పీకినవి మూడు. మళ్ళీ ఆ ప్రస్తావన తేలేదు.

కమిటీ సమావేశం గురువారం. లీజుల వ్యవహారం ఉన్నవాళ్ళను వరసగా పిలుస్తున్నారు. పొడవాటి బల్ల, చుట్టూ తొమ్మిదిమంది, చివర ఛాంపియన్. అందులో ఐదుగురి నోళ్ళు డాక్టరమ్మ ఎరిగినవే. ఆమె లోపలికి రాగానే ఆ ఐదుగురూ తెలియకుండానే పెదవులు మూసుకున్నారు. చేతిసంచిలోంచి పాత ఫొటో తీసి ఛాంపియన్ ముందు పెట్టింది. ఒకటే ప్రతి ఉందని, అది ఆయన సొత్తని, ఉంచుకున్నా చించుకున్నా ఆయన ఇష్టమని చెప్పింది. ఆయన దాన్ని తిప్పి వెనక తన రాత చూసి, మళ్ళీ తిప్పేశాడు. సంతకం పెట్టిన కాగితం ఏదని అడిగాడు.

అప్పుడు ఆమె నౌకరు చేత మోయించుకొచ్చిన బంగారు చట్రాన్ని బల్ల మీద నిలబెట్టించి, కలం మూత బిగించి, దాని కొసతో చూపించడం మొదలుపెట్టింది. తన దగ్గర కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకు చెప్పే పద్ధతిలోనే చెప్పింది. మనిషికి పై వరసలో రెండు కోరపళ్ళుంటాయి. ఇదొకటి, ఇదొకటి. ఈ రెంటికీ మధ్య ముందుపళ్ళు నాలుగు. రాజుకైనా నాలుగే, రౌతుకైనా నాలుగే. పాత ఫొటోలో ఎడమ పెదవి లేవలేదు కాబట్టి ఆ పక్క పళ్ళు కనపడవు. నవ్వు సరిచేసినవాడు పెదవి ఎత్తాడు, ఎత్తినచోట ఖాళీ వచ్చింది, చేతికొచ్చినన్ని పళ్ళతో పూడ్చాడు.

"లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. నేనేమో ఈయనకి ఒక పన్ను తీశాను. ఇక్కడేమో ఒకటి ఎక్కువుంది. ఈ ఐదోది ఎవరిదో నాకు తెలీదు. నేను పెట్టింది మాత్రం కాదు."

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ముందుకు వంగి లెక్కపెట్టారు. నోరు మూసుకుని నవ్వడం ఎంత కష్టమో ఆ ఐదుగురి మొహాల్లో కనిపించింది. ఖజానా చూసే ముసలాయన వేళ్ళ మీద రెండోసారి కూడా లెక్కపెట్టాడు. ఛాంపియన్ మెడ ఎర్రబడింది.

"అంటే సంతకం పెట్టరు" అన్నాడు.

"పెట్టను."

"నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి మరి."

"చేస్తాను. అప్పటిదాకా నా పేషెంట్లని మెట్ల మీద ఎవరూ ఆపకూడదు. ఆ మాట రాసుకోండి."

సెక్రటరీ అధ్యక్షుడి మొహం చూశాడు. తర్వాత డాక్టరమ్మ మొహం చూశాడు. రాసుకున్నాడు.

పోస్టర్ల వల్ల ఛాంపియన్‌కు ఒక్క ఓటు కూడా తగ్గలేదు. మంచి మెజారిటీతో గెలిచాడు. న్యాయం జరుగుతుందని ఎదురుచూసినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు నిరాశపడాల్సిందే. డాక్టరమ్మ ఎదురుచూడలేదు. ఆమెకు తీరిక లేదు. వెనక గేటుకు ఎదురుగా, రోడ్డు దాటితే, మూతపడిన సైకిళ్ళ కొట్టు ఒకటుంది. తలుపు వంకర, నేలంతా నూనె మరకలు, నీటి కుళాయి బయట. నర్సమ్మ చూసి ముక్కు మూసుకుంది. డాక్టరమ్మ గేటునుంచి కొట్టుదాకా అడుగులు కొలిచి, డెబ్బై రెండని తేల్చి, ఆ మధ్యాహ్నమే బయానా ఇచ్చింది. ఆఖరి వారం మాస్టారు ఎవరూ చెప్పకుండానే నూట పదమూడు ఫొటోలను ఒక్కొక్కటే దించి, పాత దుప్పట్లలో చుట్టి, ఏ వరసలో ఏదో కాగితం మీద పటం గీసుకున్నాడు.

ఖాళీ చేసేరోజు పేషెంటు కుర్చీ దించడానికి బరువులెత్తే జట్టు ఆరుగురు వచ్చారు. ఎవరూ పిలవలేదు. ఇనుప కుర్చీ, ఇరుకు మెట్లు. మలుపు దగ్గర ఇరుక్కుంది. ఆరుగురికీ ఆరు సలహాలు. నర్సమ్మ పైనుంచి, "పతకాలు తెచ్చారట, కుర్చీ తేలేరా" అని దెప్పుతూనే ఉంది. చివరికి గోడ సున్నం కొంత రాలి, కుర్చీ కిందికి దిగి, వెనక గేటుకు వెళ్ళే దారి మధ్యలో నిలబడింది. రోడ్డు అవతలికి చేర్చే తోపుడుబండి ఇంకా రాలేదు.

పదిగంటలకు రిలే పరుగుల అమ్మాయి వచ్చింది. వారం క్రితం జ్ఞానదంతం తీసి కుట్లు వేసింది డాక్టరమ్మ. ఈరోజు విప్పాలి. సాయంత్రం రైలుకు అమ్మాయి పోటీలకు వెళ్ళిపోతుంది. దారి మధ్యలో కుర్చీని, మూటల్ని చూసి, తర్వాత వస్తానని గొణిగింది.

"తర్వాతంటే ఎప్పుడు? రైలు తర్వాతా?" అని డాక్టరమ్మ కుర్చీ చూపించింది. "కూర్చో. లోపల దీపం కన్నా ఈ ఎండ నయం."

నర్సమ్మ మూటలోంచి ఉడకబెట్టి కట్టిపెట్టిన కత్తెర, పట్టకారు తీసింది. అమ్మాయి వెనక్కి వాలి సూర్యుడివైపు నోరు తెరిచింది. బరువులెత్తేవాళ్ళు నీడ పడకుండా పక్కకు జరిగారు. సరిగ్గా అప్పుడే స్టేడియం లోపలినుంచి ఒక కారు వచ్చి పది అడుగుల దూరంలో ఆగింది. కొత్త కారు, కొత్త జెండా. వెనక సీట్లో ఛాంపియన్. డ్రైవరు హారన్ కొట్టాడు. అమ్మాయి ఉలిక్కిపడింది. డాక్టరమ్మ కత్తెర వెనక్కి తీసింది. డ్రైవరు మళ్ళీ కొట్టాడు, ఈసారి ఆపకుండా.

డాక్టరమ్మ తల తిప్పలేదు. "అక్కా, ఆ హారన్ ఆగేదాకా నేను కత్తెర పెట్టనని చెప్పు" అంది. "వాళ్ళ ఇష్టం. నాకేం తొందర లేదు."

నర్సమ్మ వెళ్ళి కారు అద్దం మీద వేలితో కొట్టి ఆ మాటే చెప్పింది. ఒక్క ముక్క కలపలేదు, తగ్గించలేదు. వెనక సీటులోంచి ఏమన్నారో బయటికి వినపడలేదు. హారన్ ఆగింది. ఇంకాసేపటికి ఇంజను కూడా ఆగింది.

మొత్తం మూడు కుట్లు. డాక్టరమ్మ మొదటిదాన్ని పట్టకారుతో ఎత్తిపట్టి, ఎప్పటిలాగే నింపాదిగా కత్తిరించింది.