గంగరాజు మొక్కిన ఓడ

పెదజాలరిపేటలో మా పక్కింటి గంగరాజు ఒక యుద్ధనౌకకు మొక్కు బాకీ పడ్డాడు. దేవతలకు మొక్కేవాళ్ళు పేటనిండా ఉన్నారు. నేవీ ఓడకు మొక్కినవాడు మాత్రం ఆయనొక్కడే.

డెబ్భైల్లో ఒక కార్తీకమాసం తుఫానులో ఆయన ఒక్కగానొక్క కొడుకు సూరన్న ఎక్కిన తెప్ప విడిపోయింది. దుంగ పట్టుకుని తేలుతున్నవాణ్ణి నేవీ ఓడ ఒకటి తాడు వేసి పైకి లాగింది. కొడుకు ఇల్లు చేరిన సాయంత్రమే గంగరాజు సముద్రానికి దణ్ణం పెట్టి గంగమ్మ తల్లికి మాటిచ్చాడు. కొత్త పడవకు చేసినట్టే ఆ ఓడ ముక్కుకు పసుపు పూసి, చీర కట్టి, పుంజును కోస్తానన్నాడు.

చంకలో పుంజుతో డాక్‌యార్డు గేటుకు వెళితే సెంట్రీ నవ్వి వెనక్కి పంపాడు. "ఓడెక్కడికి పోద్దిలే" అనుకుంటూ ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, అలాంటి ఓడ రేవులోంచి బయటికొచ్చినప్పుడల్లా ఒడ్డునుంచే దణ్ణం పెట్టేవాడు. అలాంటివి రెండున్నాయని ఆయనకు తోచనేలేదు.

ఎనభైల్లో ఆ ఓడలకు వయసైపోయింది. ఫిరంగులు విప్పేసి, పేర్ల మీద రంగు కొట్టేసి, తుక్కు కింద అమ్మేసి, రెంటినీ పోర్టులో పక్కపక్కన కట్టేశారు. కావలివాడు దొరబాబు గంగరాజుకు చుట్టమే. ఇంక అడ్డేముంది?

"సూరన్నని రానీ. బతికినోడు ఆడు గదా, ఆడి సేత్తోనే పసుపు రాయిద్దాం" అంది గంగరాజు భార్య పోతమ్మ. సూరన్న అప్పుడు మరబోటు మీద పారాదీప్ వైపు వేటకెళ్ళాడు. వారంలో వస్తాడు.

"మొక్కింది నాను. ఈలోగా ఓడని కోసేత్తే ఏటి సేత్తావు?" అన్నాడు గంగరాజు. అన్నేళ్ళు ఊరుకున్న మనిషికి వారం ఆగే ఓపిక లేకపోయింది.

నాటుపడవలో నేనూ వెళ్ళాను. దగ్గరికెళితే రెండు ఓడలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. "ఏ ఓడకి బావా మొక్కు?" అని దొరబాబు పైనుంచి అడిగాడు.

"ఒడ్డుమీంచి ఇన్నేళ్ళు సూసినోణ్ణి, నాకు తెల్దేటి? ఇటుపక్కదే."

పసుపు పూశాడు. లంగరు గొలుసుకు ఎర్రచీర కట్టాడు. పుంజు నెత్తురు ఓడ ముక్కు మీద చిలకరించాడు. తిరిగొస్తూ తెడ్డు వేస్తూనే ఏడ్చాడు. గంగరాజు కంట నీళ్ళు నేను అంతకుముందు చూడలేదు. ఇంటికొచ్చి ఆ ఒక్క పుంజు కూరనే పేటంతా పంచబోయాడు.

సూరన్న వచ్చిన మర్నాడు టగ్గు పడవ రెండో ఓడను కోతకు దూరపు రేవుకు లాక్కుపోతోందంటే, తండ్రీకొడుకులతో నేనూ ఛానల్ గట్టు మీదికి వెళ్ళాను. ఓడ మా ముందునుంచే, బాగా దగ్గరగా వెళ్తోంది. సూరన్న చూపు లంగరు కిందే ఆగిపోయింది. అక్కడ తలుపంత రేకు అతికి ఉంది.

"అయ్యా, పసుపెట్టింది దీనికేనా?"

"కాదు. రేవు లోపలున్నదానికి."

"తాడట్టుకుని ఏలాడినప్పుడు ఈ అతుకే నా మొకం ముందుంది. నన్ను లాగింది ఇదే అయ్యా."

గంగరాజు గట్టు వెంబడి పరుగెత్తాడు. చేతిలో పసుపు లేదు, పుంజు లేదు. ఆగమని ఆయన దణ్ణాలు పెడుతుంటే, సాగనంపుతున్నాడనుకుని టగ్గువాళ్ళు చేతులూపారు.

ఆ రోజు నుంచి గంగరాజు సూరన్నను సముద్రంలోకి పోనివ్వలేదు. మొక్కు తీరే దారి ఉన్నన్నాళ్ళూ గంగమ్మ ఓపిక పడుతుంది, దారే మూసుకుపోతే కొడుకును వదలదని ఆయన భయం. నీటి రంగు చూసి చేపల జాడ చెప్పే సూరన్న స్టీల్‌ప్లాంటు పనుల్లో సిమెంటు బస్తాలు మోశాడు. గంగరాజు ఆ వయసులో ఒక్కడే తెప్ప తోసుకునేవాడు. ఆ ఒక్క వారం ఆగి ఉంటే ఇద్దరూ ఒకే తెప్ప మీద ఉండేవాళ్ళు.

ఒకనాడు సూరన్న అడిగేశాడు. "ఆ ఓడ ముక్కలైపోయి ఎన్నేళ్ళైంది. ఇంకా ఏటయ్యా బయ్యం? నానూ వత్తాను వేటకి."

గంగరాజు వల సర్దుతూ తలెత్తలేదు. "ఓడుంటే ఎప్పుడో ఓపాలి తీర్సీవోణ్ణి. ఇప్పుడెక్కడని ఎతకనురా? నువ్వు ఒడ్డునే ఉండు."

సూరన్న అన్నం కారియరు పట్టుకుని, స్టీల్‌ప్లాంటు పనికి గాజువాక బస్సెక్కాడు.