పసుపు కట్టిన గుంజ

మా చిన్నాయన పోయిన సంగతి చిన్నమ్మే ఫోన్ చేసి చెప్పింది. వనపర్తిలో నా కుట్టు షాపు అప్పుడే తెరిచి మిషన్ తుడుచుకుంటున్నాను. "మీ చిన్నాయన లేడు బిడ్డా. పొద్దుగాల చాయ తాగి, జర పండుకుంట అన్నడు. మల్ల లేవలే. మీ నాయినకు నువ్వే చెప్పు," అంది. అన్నదమ్ములిద్దరికీ కొన్నేళ్లుగా మాటల్లేవు. అందుకే ఆ కబురు నా మీదుగా పోవాల్సి వచ్చింది. నాయిన ఉండేది మా వెనక వీధిలోనే. చెప్పగానే చొక్కా తొడుక్కొని "నడువు" అన్నాడు. చిన్నాయన ఊరు కోడేరుకు బస్సెక్కాం.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను. కాని మా చిన్నాయన మంచి పేరంతా తన చేతులతో తను చెడగొట్టుకున్న పనుల తర్వాత వచ్చింది. ఆ చెడగొట్టుకోవడం దాచిపెడితే మిగిలేది వేరే మనిషి. ఆయనైతే ఏమీ అనుకోడు. ఎవరేమన్నా "అట్లనే కానీ" అనడమే ఆయన జబ్బు.

మొదట పిండిగిర్ని పెట్టాడు. బాగా నడిచింది కూడా. ఒకసారి పచ్చళ్ల కాలంలో పక్క వీధి ఆమె మిరపకాయల సంచి తెచ్చి, "జర పట్టియ్యి అన్నా, మిరపకాయల గిర్ని బందున్నది," అని బతిమాలింది. జొన్నలు పట్టే గిర్నిలో మిరపకాయలు పట్టకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయనకూ తెలుసు. ఆమె ముఖం చూసి పట్టేశాడు. తర్వాత గుడ్డతో అటూ ఇటూ తుడిచి, వరుసలో ఉన్నవాళ్ల జొన్నలు పట్టాడు. ఆ పూట వీధి వీధంతా కళ్లనీళ్లు కారుస్తూ రొట్టెలు తిన్నది. మా నాయనమ్మ కూడా ఒక ముక్క నోట్లో పెట్టుకొని, "ఒక్కదానికి అవునన్నడు, ఊరందరి నోరు కాల్చిండు," అంది. జనం మెల్లగా వేరే గిర్నికి అలవాటు పడ్డారు.

తర్వాత టెంట్ హౌస్. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, గుంజలు. గుంజలంటే ఇప్పుడన్నీ ఇనుప పైపులే, అయినా మా వైపు గుంజలనే అంటాం. సామాను ఒక పెళ్లికి సరిగ్గా సరిపోయేంత ఉండేది. మా దగ్గర పెళ్లిళ్లన్నీ మంచి లగ్గం చూసుకొని ఒక్క రోజు మీదే వచ్చి పడతాయి. ఆ రోజుకు ఎవరు వచ్చి అడిగినా చిన్నాయన నోటివెంట వచ్చేది "అయితది పో" అన్న మాటే. తెల్లారితే సగం షామియానా ఒక ఊళ్లో, సగం ఇంకో ఊళ్లో. ఒకచోట కుర్చీలుంటే గిన్నెలుండవు, ఇంకోచోట గిన్నెలుంటే గరిటెలుండవు. ఇద్దరికీ మేలు చేద్దామని ఇద్దరితోనూ తిట్లు తినేవాడు. మొగమాటం గురించి తెలుగులో ఒక సామెత ఉంది చూడండి, అది చిన్నమ్మ రోజుకోసారి అనేది. ఇక్కడ రాయను గాని మీకందరికీ తెలిసిందే.

ఈ అలవాటుకు బాగా బలైంది నా పెళ్లే. ఎండాకాలం లగ్గం. అన్న కూతురి పెళ్లికి తమ్ముడి టెంటు కాక ఎవరిది వేస్తారు? నాయిన నిశ్చింతగా ఉన్నాడు. లగ్గానికి ముందురోజు ఎవరో పక్క ఊరి మనిషి వచ్చి, ఒప్పుకున్న టెంటువాళ్లు మోసం చేశారని చిన్నాయన కాళ్ల దగ్గర కూలబడ్డాడట. పెద్ద షామియానా అటు పోయింది. మాకు చిన్నది వచ్చింది. "ఇంటోళ్లమే గద, సర్దుకుందాం" అన్నాడు. మగపెళ్లివాళ్లు నీడ ఎటు జరిగితే అటు కుర్చీలు జరుపుకుంటూ పెళ్లి చూశారు. మా అత్త ఇప్పటికీ, "మా కోడలిని ఎండబెట్టి ఇచ్చిండ్రు, అందుకే పురుగు పట్టకుంట ఉన్నది," అని నవ్విస్తుంది. నాకు ఎండ గుర్తులేదు. తాళి కట్టేటప్పుడు చిన్నాయన కనపడకపోవడం గుర్తుంది. ఆ సమయానికి ఆయన మోటార్ సైకిల్ మీద, ఆ పెళ్లికీ ఈ పెళ్లికీ మధ్య రోడ్డు మీద ఉన్నాడు. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకొని తిప్పిన మనిషి నా నెత్తిన అక్షింతలు వేయలేదు. ఆ రోజు ఏడిచాను.

మాట తప్పుతాడన్న పేరు ఆ పాటికే బాగా పాకింది. "ఆయన అయితదన్నడంటే, ఇంకో జాగ జూసుకో" అని జనం అనుకునేదాకా వచ్చింది. గిర్ని పోయినట్టే ఇదీ పోతుందని చిన్నమ్మ భయపడింది. ఇది కూడా పోతే ఇంక ఆ వయసులో కూలికి పోవడమే.

ఆయన్ని మార్చింది ఎవరి తిట్లూ కాదు. ఆ ఏడే ఒక పెళ్లిలో గాలిదుమారం లేచింది. షామియానా ఎగిరిపోతుందని, ఒక గుంజ పీకి ఇంకోచోట పాతండని చిన్నాయన పనివాళ్లకు చెప్పాడు. ఆ గుంజకు ఆడపెళ్లివాళ్లు పూజ చేసి పసుపు గుడ్డ కట్టి ఉంచారు. పెళ్లికూతురి అవ్వ, నడుము వంగిన మనిషి, కర్ర పట్టుకొని అడ్డం వచ్చింది. "పసుపు కట్టిన గుంజ. ముట్టొద్దు," అంది. అంతే. అందరూ వెనక్కి తగ్గారు. మిగతా గుంజలు సర్దుకున్నారు.

ఆ సంగతి ఆయన నాకు చాలాసార్లు చెప్పాడు. "ఆ అవ్వ కోపం చెయ్యలే, బతిమాలలే. మంది అందరు గుంజను జూసి ఎనక్కు పోయిండ్రు. నా నోటికి చేతగాని మాట గుంజ చెప్పింది బిడ్డా. అగ్గో, గిట్ల గదా చెయ్యాల్సింది అనుకున్న."

అప్పటినుంచి కొత్త పద్ధతి పెట్టాడు. టెంటు కావాలంటే పెళ్లికూతురి తల్లి గోదాముకు రావాలి, ఒక గుంజకు తన చేతులతో పసుపు గుడ్డ కట్టి పోవాలి. ఆ పెళ్లి అయ్యేదాకా ఆ గుడ్డ విప్పేది లేదు. తర్వాత అదే రోజుకు ఎవరొచ్చి అడిగినా ఈయన మాట్లాడడు, గోదాం తలుపు తీసి చూపిస్తాడు. పసుపు చూసి, ఇంకొకరి బిడ్డ పెళ్లి చెడగొట్టి ఇమ్మని అడిగే నోరు మా దగ్గర ఎవరికీ లేదు. "టెంటు కిరాయికిస్తుండా, గుడి కట్టిండా?" అని మొదట్లో నవ్వారు. తల్లులకు మాత్రం నచ్చింది. పసుపు కట్టి వచ్చాక ఇంక టెంటు గురించి పరేషాన్ లేదని ఒకరికొకరు చెప్పుకున్నారు.

జబ్బు ఒక్కరోజులో పోయిందని చెప్తే అబద్ధం. ఒకసారి నేను పోయేసరికి ఎవరో పెద్దమనిషి వాకిట్లో కూర్చొని ఉన్నాడు, చిన్నాయన ఇంట్లో లేడు. చిన్నమ్మ కళ్లతో గోదాం వైపు చూపించింది. పోయి చూస్తే కుర్చీల వరుసల వెనక నేల మీద కూర్చొని ఉన్నాడు. ఏంది చిన్నాయనా ఇది అంటే, "ఆయన ముఖం జూస్తే నా చెయ్యి గుడ్డ మీదికి పోతది. పొయ్యేదాక గీడనే ఉంట," అన్నాడు. నవ్వాను. తర్వాత ఆలోచిస్తే అది చాలా తెలివైన పని అనిపించింది. తన మీద తనకు నమ్మకం లేనిచోట ఆయన ధైర్యం నటించలేదు, దాక్కున్నాడు.

పని పెరిగింది. ఇంకో పెళ్లికి సరిపడా సామాను కొనమని అందరూ అన్నారు. కొనలేదు. "రెండుంటే మూడు లగ్గాలు ఒప్పుకుంట. నా సంగతి నాకు తెల్వదా?" అనేవాడు. మీలో వ్యాపారం చేసేవాళ్లుంటే ఈ మాట ఒకసారి మీ లెక్కల పక్కన పెట్టుకొని చూడండి. నేనైతే పెళ్లి జాకెట్లు ఒప్పుకునే ప్రతిసారీ చూసుకుంటాను.

ఇక అన్నదమ్ముల గొడవ. మా చెల్లె పెళ్లికి లగ్గం కుదిరింది. నాయిన కోడేరు పోయాడు. నేనూ వెంట ఉన్నాను. చిన్నాయన కుర్చీ వేశాడు, చాయ తెప్పించాడు, లగ్గం ఏ రోజో విన్నాడు. తర్వాత లేచి గోదాం తలుపు తీశాడు. గుంజకు పసుపు గుడ్డ ఉంది. నల్లమల అంచున ఉండే ఒక కుటుంబం వాళ్లు అదే లగ్గానికని వచ్చి కట్టిపోయారట. ఆ ఇంట్లో టెంటు వేసి చేస్తున్న మొదటి పెళ్లి.

నాయిన దాన్ని చూసి, "విప్పు. వాళ్లకు వేరేది చూపిద్దాం," అన్నాడు.

"విప్పలేనన్నా."

"ఎవరి పెండ్లి అనుకుంటున్నవ్? నీ అన్న బిడ్డ పెండ్లి."

"పెద్దబిడ్డ పెండ్లికి గట్లనే మాట తప్పిన గదన్నా. ఇంటోళ్లే గద అని. ఆ సిగ్గు ఇంకా పోలే."

"మంది ముందల నా ఇజ్జత్ తీస్తవా?"

చిన్నాయన రెండు చేతులూ జోడించాడు. కాని "అయితది పో" అన్న మాట మాత్రం రాలేదు. నాయిన చాయ ముట్టకుండా వచ్చేశాడు.

కల్వకుర్తి నుంచి టెంటు తెప్పించి చెల్లె పెళ్లి చేశాం. చిన్నాయన ముందురోజే వచ్చాడు. నీళ్లు మోశాడు, విస్తళ్లు వేశాడు, తాళి కట్టేటప్పుడు మండపం పక్కనే నిలబడి గుప్పిళ్లతో అక్షింతలు చల్లాడు. నాయిన ఆయన వైపు చూడలేదు. ఆ తర్వాత ఏ శుభకార్యంలో కలిసినా ఒకే బంతిలో తినేవాళ్లు, మాట మాత్రం నాతో చెప్పి పంపేవాళ్లు. "మీ నాయినను షుగర్ గోళీ ఏసుకోమను" అని చిన్నాయన. "ఏసుకున్న అని చెప్పు" అని నాయిన. ఇద్దరూ చేయి చాస్తే అందేంత దూరంలోనే ఉండేవాళ్లు.

మేము కోడేరు చేరేసరికి వాకిట్లో జనం ఎండలో నిలబడి ఉన్నారు. వచ్చే ప్రతివాళ్లూ, ఊరందరికీ నీడ వేసినవాడి ఇంటి ముందు షామియానా ఎందుకు లేదని అడుగుతున్నారు. సామానంతా గోదాములోనే ఉంది. గుంజకు పసుపు గుడ్డ ఉంది, మర్నాడు పక్క ఊళ్లో పెళ్లి. "శవం లేచే ఇంటి సామాను పెండ్లోళ్లు ఎట్ల ముడుతరు? వాళ్లు రారు. విప్పి ఈడ ఎయ్యిండ్రి," అన్నారు బంధువులు. అది అబద్ధం కూడా కాదు. చిన్నమ్మ శవం పక్కనుంచి లేవకుండానే, "విప్పొద్దు. వాళ్లు రామని చెప్పేదాక అది వాళ్లది," అంది. తర్వాత నా చెయ్యి పట్టుకొని, "రాకపోతే మీ చిన్నాయన మాట ఈడనే ఆగిపోతది బిడ్డా," అని మెల్లగా ఏడిచింది.

మధ్యాహ్నం కాకముందే ఆటో ట్రాలీ వచ్చింది. పెళ్లికూతురి తండ్రి దిగి, చెప్పులు విడిచి, శవానికి దండం పెట్టుకున్నాడు. చిన్నమ్మ, "మీకు మనసొప్పకుంటే వేరేది జూసుకోండ్రి. తప్పు పట్టం," అంది.

"మా ఇంట్ల గూడ గదే లొల్లి అయ్యిందమ్మా," అన్నాడాయన. "ఆఖరికి మా ఆమెనే అన్నది, నా చేతులతోని పసుపు కట్టొచ్చిన, అది మన గుంజ అని. పోతం."

వాళ్లు సామాను ఎక్కించుకున్నారు. గోదాం నుంచి బయటికి ఒక్కటే దారి, అది చిన్నాయన పడుకొని ఉన్న వాకిలి ముందునుంచే. డ్రైవర్ తాళం తిప్పబోతే ఆ తండ్రి శవం ముందర చప్పుడు వద్దని చెయ్యి ఎత్తాడు. ఇంజన్ లేకుండా, బండితో వచ్చిన నలుగురూ కలిసి తోయడం మొదలుపెట్టారు. బరువు ఎక్కువ, దారి కొంచెం ఎగువ. బండి సరిగ్గా ఇంటి ముందుకొచ్చి ఆగిపోయింది.

నాయిన గోడ నీడలోంచి లేచాడు. భుజం మీది తువ్వాల తీసి నడుముకు బిగించి, వాళ్ల మధ్యకు పోయి చేతులు ఆనించాడు. "పట్టుండ్రి," అన్నాడు. బండి కదిలింది. మలుపు దాటేదాకా తోస్తూనే ఉన్నాడు.