బావ చేతికి చాలని పట్టీ

మా అక్క మొగుడు టవర్ క్రేన్ నడుపుతాడు. కట్టడం మీద నిలబడి, ఎటు తిప్పాలో ఎక్కడ దించాలో వాకీటాకీలో ఆయనకు చెప్పడం నా పని. క్యాబిన్‌లో ఉన్నంతసేపూ ఆయనకు నా మాటే వేదం. కిందికి దిగాక మాత్రం అదే మాట చెవిన పెట్టిన పాపాన పోలేదు.

పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా దిగడు. మధ్యాహ్నం దిగి మళ్లీ ఎక్కడం ఎవరివల్ల అవుతుందని, అక్క కట్టిన క్యారేజీని తాడుతో పైకి లాక్కుంటాడు. కూర్చునే తింటాడు, కూర్చునే లివర్లు కదుపుతాడు. ఏళ్ల తరబడి ఇదే వరస. మనిషి అడ్డంగా పెరిగిపోయి, కుర్చీ చేతులు అడ్డొస్తున్నాయని వాటిని ఊడదీయించాడు. "క్రేన్ ముందుకు ఒరగకుండా వెనక పెట్టిన బరువులు తీసేయొచ్చు, మీ బావ కాస్త వెనక్కి జరిగి కూర్చుంటే చాలు" అని సైటులో ఆటపట్టించేవాళ్లు. అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు. నాకు నవ్వొచ్చేది కాదు. నిచ్చెన ఎక్కేటప్పుడు ఆయన ఆయాసం నాకు కింది దాకా వినిపించేది.

ఆమధ్య సైటులో అందరికీ ఆరోగ్య పరీక్షలు పెట్టారు. డాక్టరమ్మ బావ చేతికి బీపీ పట్టీ చుడితే చాలలేదు. ఎలాగో లాగి అతికించింది. గాలి కొట్టగానే పట్‌మని ఊడిపోయింది. చివరికి చేత్తో అదిమి పట్టుకుని కొలిస్తే పై అంకె రెండు వందలు చూపించింది.

"పట్టీ చిన్నదైతే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రేపే ఆసుపత్రికి రండి, పెద్ద పట్టీతో చూద్దాం. అప్పటిదాకా క్రేన్ ఎక్కొద్దు" అంది ఆవిడ.

మొదటి ముక్క ఒక్కటే బావ బుర్రకెక్కింది. మిగతాదంతా గాలికి పోయింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా ఒకటే జవాబు. "నాకు బీపీ లేదు, వాళ్ల దగ్గర పట్టీ లేదు." క్రేన్ నడపడానికి ఇంకో మనిషి దొరకని ఇంజనీరు కూడా ఆ మాటే నమ్మాడు. నమ్మితే ఆయనకు పని ఆగదు మరి. తలనొప్పి వస్తే ఎండ అనేవాడు బావ. ఆయాసం వస్తే నిచ్చెన అనేవాడు. అక్క బతిమాలింది, నేను పోట్లాడాను. మొండి మనిషి, ఒక పట్టాన వింటేగా!

ఒక మధ్యాహ్నం ఇనుప కడ్డీల మోపు పైకి వస్తోంది. స్లాబు మీద నేనూ, కడ్డీలు కట్టేవాళ్లూ ఉన్నాం.

"దించు బావా... మెల్లగా... ఆపు."

ఆగలేదు.

"ఆపమంటుంటే!"

ఆగింది. కానీ మా నెత్తి మీదే ఊగుతోంది. ఏమైందని అడిగితే వాకీలో కాసేపు గరగరే వినిపించింది. తర్వాత ఆయన గొంతు వచ్చింది. అంత నీరసంగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఒరేయ్... రెండు మోపులు కనిపిస్తున్నాయేంట్రా?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అందర్నీ మెట్ల వైపు తరిమేశాను. గాలి లేచింది. మోపును అలాగే వదిలేస్తే గోడకు కొట్టుకుని జారిపోయేలా ఉంది. కింద జనం. ఎలాగైనా దించాలి. దించాలంటే నేను అక్కడే ఉండి చెప్పాలి.

"ఒక కన్ను మూసుకో బావా. నా మాట మాత్రమే విను."

"తల పగిలిపోతోందిరా."

"తెలుసు. ఎడమకు తిప్పు. కొంచెం. ఇంకొంచెం. చాలు, చాలు! ఇప్పుడు దించు."

మోపు నా భుజానికి జానెడు దూరంలో దిగి స్లాబును తాకింది. హుక్కు వదులయ్యాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

పరుగున క్యాబిన్‌కి ఎక్కాను. చొక్కా తడిసి ముద్దయింది, రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. ముందు నేనూ, నా పైన ఆయనా దిగడం మొదలుపెట్టాం. కాలు తడబడినప్పుడల్లా పట్టుకుని మెట్టు మీద పెట్టాను.

"పడితే నీ మీదే పడతాను, పక్కకు తప్పుకోరా."

"ఎక్కడికి తప్పుకోమంటావు, గాల్లోకా? నోరు మూసుకుని దిగు."

ఆసుపత్రిలో మంచం మీద పడుకుని కూడా "తల్లీ, ఆ పట్టీ చిన్నది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ డాక్టరమ్మ మాత్రం వెంటనే పెద్ద పట్టీ తెప్పించింది. అది ఆయన చేతికి చక్కగా సరిపోయింది. పై అంకె నూట తొంభై.

"చిన్న పట్టీ పాపం కాస్తే ఎక్కువ చెప్పింది. మిగతా బీపీ అంతా మీదే" అంది ఆవిడ. "ఒళ్లు పెరిగితే పెరిగిన ఒంటికంతా గుండే రక్తం తోయాలి. దానికి తోడు ఉప్పూ నీరూ ఒంట్లోనే నిలిచిపోతాయి. రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. బరువు కొంచెం తగ్గినా బీపీ కొంచెం దిగుతుంది. కానీ అది నెమ్మది మీద జరిగే పని. మాత్రలు మాత్రం ఇవాళే మొదలుపెట్టాలి. ఈసారికి మెదడులో నరం చిట్లలేదు, అదృష్టవంతులు."

అప్పుడే వచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంతలో నా ఫోన్ మోగింది. రేపు క్రేన్ ఎక్కుతాడా లేదా అని ఇంజనీరు అడుగుతున్నాడు. బావ ఫోన్ తీసుకున్నాడు.

"ఎక్కను సార్. ఈ డాక్టరమ్మ ఎక్కమనేదాకా ఎక్కను. వేరే మనిషిని చూసుకోండి."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. "ఇన్నాళ్లకు ప్రాణభయం పట్టుకుందా బావా?" అన్నాను, ఎప్పటిలాగే ఎగతాళిగా.

"నా ప్రాణం గురించి కాదురా" అన్నాడు. "ఆ మోపుల కింద నువ్వు ఇద్దరుగా కనిపించావు. అందులో ఎవడు నువ్వో నాకు తెలియలేదు."

నా చెయ్యి పట్టుకుని, అక్క చూస్తుండగానే, బావురుమన్నాడు.