సాంచె లెక్క కొట్టుకున్న గుండె

మాది సిరిసిల్ల పక్క తంగళ్ళపల్లి. మా నాయిన బట్ట నేసే సాంచెలు నడిపెటోడు. నేను బొగ్గుబాయిల చేరి ఇరవై ఏండ్లాయె, ఇల్లు గూడ బాయి కాడనే. లోపట ఎట్లుంటదని నా బిడ్డ చిన్నప్పుడు అడిగితే "ఏసీ లెక్క సల్లగుంటది బిడ్డా" అన్న. పసిపిల్లకు ఆ ఉడుకు సంగతి ఎందుకు? గా అబద్ధాన్ని ఇన్నేండ్లు సాదుకుంటచ్చిన.

గా బిడ్డనే ఇప్పుడు జగిత్యాలల ఇంజనీరింగు చదువుతున్నది. మొన్న ఎండకాలం కాలేజీ ప్రాజెక్టుకని ఛాతికి కట్టే పట్టీలు పట్టుకొని మా బాయికే అచ్చింది. గుండె కొట్టుకునే తీరు చూసి, లోపటి ఉడుకుల మనిషి సుఖంగున్నడా, తక్లీఫ్ పడుతున్నడా చెప్తదట. అబద్ధం బయటవడితే, నేను బాయి దిగినప్పుడల్లా దానికి బుగులే కదా!

నేనేం తక్కువోన్నా? పెయ్యి సల్లగుంటే పట్టీకి దొరకనని పొద్దుగాల చెంబెడు జొన్న అంబలి తాగిన. "బాయి దిగుతవా, బాయిని మింగుతవా?" అన్నది మా ఇంటామె. ఆమెది కోరుట్ల, నోరు ఊకుంటదా! వడదెబ్బ తగలకుంట జేబుల ఉల్లిగడ్డ సుత ఏసుకొని, ఛాతికి పట్టీ కట్టుకొని దిగిన.

పైకచ్చినంక షెడ్డుల బిడ్డ పక్కన కూసున్న. పట్టీ ఇంకా ఛాతికే ఉన్నది. ల్యాప్‌టాప్‌ల చూస్తే, లోపటున్నంత సేపు దెబ్బకూ దెబ్బకూ నడుమ ఒక్కటే ఎడం. సాంచెల చప్పుడుల పెరిగినోన్ని, మస్తు సంబురమైంది.

"సూసినవా బిడ్డా! ఒక్క పోగు తెగకుంట నడిచే సాంచె లెక్కున్నది మీ నాయిన గుండె!"

అది నవ్వలే. "సుఖంగున్న గుండె జర అటిటు కొట్టుకుంటది నాయినా. తక్లీఫ్‌ల ఉన్నదే గిట్ల ఒక్క తీరుగ ఉరుకుతది" అన్నది. నా అంగీ దిక్కు చూసి, "ఏసీ లెక్కుంటదంటివి. మరి నీ అంగీ మీద ఉప్పు చారలేంది? చిన్నప్పటి సంది చూస్తున్న."

హత్తెరి! నా గొయ్యి నేనే తవ్వుకుంటిగా. ఇగ దాస్తే ఏం లాభం?

"ఉడుకుతది బిడ్డా. మస్తు ఉడుకుతది. కొన్నిసార్లు కండ్లు తిరుగుతయ్" అన్న. ఇరవై ఏండ్లల గా మాట ఎవ్వలకు చెప్పలే. చెప్పంగనే పెయ్యంత అల్కగైంది.

బిడ్డ కండ్లు తుడుసుకున్నది. "నువ్వు చెప్పకుంటేనే బుగులైతుండె నాయినా" అన్నది.

సీసల మిగిలిన అంబలి ఇద్దరం తాగినం. పట్టీ ఇప్పుదామని చెయ్యి పెట్టిన. అది ల్యాప్‌టాప్ దిక్కు చూసుకుంట నా చెయ్యి పట్టి ఆపింది.

"జర ఉండు. గిప్పుడు అటిటు కొట్టుకుంటున్నది."