ఎండిన బోరులో నీళ్ల చప్పుడు

దెయ్యాల కబుర్లు ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. గిద్దలూరులో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పరీక్షలో తేలనిది నమ్మే అలవాటు నాకు లేదు. దేవుడి విషయంలో మాత్రం ఏ పరీక్షా అడగలేదు. మా నాయన నమ్మాడు కాబట్టి నేనూ నమ్మాను.

మా ఊరు గిద్దలూరుకు గంట ప్రయాణం. మాకు మూడెకరాల బత్తాయి తోట ఉండేది. నేను ఏడో తరగతిలో ఉండగా నాయన నాటిన చెట్లు అవి. వరసగా మూడేళ్లు వానలు ముఖం చాటేశాయి. మబ్బులు నల్లమల మీద కనబడి అటునుంచి అటే పోయేవి. ఆఖరికి బోరు ఎండిపోయింది. మోటారు బయటికి తీసేసి, గొట్టం మూతికి గోనెసంచి కట్టాం.

నాయన ట్యాంకర్లు తోలించి చెట్లను బతికిస్తూ వచ్చాడు. రోజూ పొద్దున్నే చాప మీద మోకరించి నీళ్ల కోసం ప్రార్థన చేసేవాడు. నేను విసుక్కుంటే, "కనిపెట్టుకోని ఉండాలమ్మా. ఆయన టయానికి ఆయన ఇస్తాడు" అనేవాడు.

అమ్మ గురించి కూడా చెప్పాలి. నాకు మూడేళ్లున్నప్పుడు ఆమెకు విషజ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. నరాలు చచ్చిపోయాయని మార్కాపురంలో డాక్టరు చెప్పాడట. పెదవుల కదలిక చూసి మాట తెలుసుకుంటుంది. నా గొంతు ఇప్పుడెలా ఉంటుందో ఆమెకు తెలియదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం సెలవు పెట్టి ఇంటికి వెళ్లాను. పొద్దున పదకొండు గంటలప్పుడు అమ్మా నేనూ తోటలో ఎండు పుల్లలు ఏరుతున్నాం. అమ్మ ఉన్నట్టుండి తల తిప్పింది. వెనక నుంచి ఎవరో పిలిస్తే మనం తిప్పినట్టు. అమ్మ అలా తిప్పడం నాకు ఊహ తెలిశాక చూడలేదు. నేరుగా బోరు దగ్గరికి పోయి కూర్చుంది.

"పాపా, నీళ్లు పారతాండాయి" అంది.

ఎండ దెబ్బ తగిలిందనుకున్నాను. గోనెసంచి విప్పి చెవి పెట్టాను. చాలా లోతున నీళ్లు ఎత్తు మీద నుంచి పడుతున్న చప్పుడు. స్పష్టంగా, ఆగకుండా. నాయన వచ్చి చెవి పెట్టి, అలాగే నేల మీద కూలబడి ఏడ్చాడు. పక్క చేను మామను పిలిచాం. ఆయనకు ఏమీ వినబడలేదు. నా ఫోన్లో రికార్డు చేశాను. అందులో గాలి గుసగుస తప్ప ఏమీ లేదు. తాడుకు రాయి కట్టి వదిలితే పొడి దుమ్ముతో పైకొచ్చింది.

సోమవారం అమ్మను గిద్దలూరు తీసుకెళ్లి చెవులు పరీక్ష చేయించాను. రెండు చెవులకూ వినికిడి లేదనే రిపోర్టు వచ్చింది. దారిలో వెనక నుంచి నేను పిలిస్తే పలకలేదు. అదే రోజు సాయంత్రం తోట గట్టు ఎక్కగానే, "ఇంగా పారతానే ఉండాయి" అంది. నా గొంతు వినబడని అమ్మకు నీళ్లు వినబడుతున్నాయి.

కొత్త బోరు వేయాలా వద్దా అని నాయన ఇంకా తటపటాయిస్తూనే ఉన్నాడు. అమ్మడానికి మాకున్న ఆధారం ఇంటి దగ్గరి రెండు పాడి బర్రెలే. "ఇన్నాళ్లూ అడిగినావు కదా నాయనా, పలికినాడు. ఇంక అనుమానం ఏంది?" అన్నది నేనే.

బర్రెలు అమ్మాం. బుధవారం బోరు బండి వచ్చింది. పాత బోరుకు పది అడుగుల దూరంలో, ప్రార్థన చేసి మొదలుపెట్టించాం. మధ్యాహ్నం దాకా తెల్లటి రాతిపిండి లేచి బత్తాయి ఆకుల మీద పడుతూనే ఉంది. వెయ్యి అడుగులు దాటాక డ్రైవరు మిషను ఆపాడు.

"పెద్దాయనా, తడి గూడ లేదు" అన్నాడు.

నేను పాత బోరు దగ్గరికి పరుగెత్తి చెవి పెట్టాను. ఏమీ లేదు. అమ్మ వైపు చూశాను. తల అడ్డంగా ఊపింది.

ఇక ట్యాంకర్లకు డబ్బుల్లేక జూన్‌లో చెట్లు కొట్టించాం. ఆ రోజంతా నాయన ఇల్లు కదలలేదు. ఇప్పుడు అమ్మా నాయనా నాతోనే గిద్దలూరులో ఉంటున్నారు. నాయన ఒక కల్యాణ మండపానికి వాచ్‌మన్.

రాతి పగుళ్లలో గాలి కదిలితే అలాంటి చప్పుడు వస్తుందని భూగర్భజలాల గురించి తెలిసినాయన ఒకరు చెప్పారు. కావచ్చు. మరి అమ్మకెలా వినబడింది? నీళ్లుంటే ఎందుకు పడలేదు? లేకపోతే మా ముగ్గురికే ఎందుకు వినబడింది? నాకు ఇప్పటికీ తెలియదు. మేము దేవుణ్ని ఏ గుర్తూ చూపమని అడగలేదు. ఊరికే ఎదురుచూస్తూ ఉన్నాం. మమ్మల్ని అలాగే వదిలేసినా ఆ బర్రెలు మిగిలేవి, ఆశా మిగిలేది.

మొన్న ఉండబట్టలేక నాయన్ని అడిగాను, అది వినిపించింది ఎవరని.

"దేవుడేనమ్మా" అన్నాడు.

"అయితే మనల్ని ఎందుకు మోసం చేసినాడు?"

నన్ను కోప్పడతాడనుకున్నాను. చాప పరుచుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నేనూ రోజూ అదే అడుగుతాండా."