ఎక్స్‌రేలో కనబడని నొప్పి

చదువుకోవడానికి విదేశం వచ్చి, ఎటోబికోలో, ఎయిర్‌పోర్టు పక్కనున్న గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నప్పుడు నా నడుము పట్టేసింది. బరువైన పెట్టెను కిందినుంచి లేపి, పాదాలు కదపకుండా నడుము మాత్రం తిప్పి పక్కనున్న కన్వేయర్ బెల్టు మీద పెట్టబోయాను. వెన్ను కింది భాగంలో కలుక్కుమంది. అక్కడే కూలబడ్డాను.

మా సూపర్‌వైజరు తెలుగువాడే. పరుగున వచ్చాడు, కానీ ముందు చూసింది పెట్టెను. అది పగల్లేదని తేలాకే నా వైపు తిరిగాడు.

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. అందులో ఏమీ లేదు. ఆ సంగతి చెప్పగానే సూపర్‌వైజరు అందరికీ వినబడేలా అన్నాడు:

"బొక్కలు మంచిగనే ఉన్నయట! మరింకేం డ్రామా?"

"డ్రామా కాదన్నా, వంగలేకపోతున్నా."

"అసైన్‌మెంట్లు ఉన్నప్పుడల్లా మీ స్టూడెంట్లకు నడుములు నొస్తయ్."

నవ్వినవాళ్లలో అక్కడే పనిచేసే నా రూమ్మేటు కూడా ఉంది. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

డాక్టరు నన్ను ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపాడు. ఆమె ప్లాస్టిక్ వెన్నెముక నమూనాను నా చేతికిచ్చింది. పూసల మధ్య మెత్తని డిస్కులు, వెనక రెండు పక్కలా చిన్న కీళ్లు, అన్నిటినీ కలిపి పట్టి ఉంచే పట్టీల్లాంటి లిగమెంట్లు చూపించింది. వంగి, మెలితిరిగి బరువెత్తడంతో వాటిలో ఏదో సాగి ఉంటుందని, ఆ చోటును కాపాడుకోవడానికే చుట్టూ కండరాలు బిగుసుకున్నాయని చెప్పింది. లిగమెంటు ఎక్స్‌రేలో కనబడదట. నాకు ఊరట కలగలేదు. డ్రామా అన్న మాట గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది.

బరువులు ఎత్తవద్దని ఆమె అందని చెప్పినా సూపర్‌వైజరు మర్నాడే నన్ను పెద్ద పెట్టెల దగ్గర నిలబెట్టాడు.

"నేను ఎత్తను," అన్నాను.

"అయితే ఇంటికి పో."

"పోతా. ముందు మేనేజర్ దగ్గరికి పద. మొన్న డ్రామా అన్నావుగా, ఆయన ముందు అను."

అతను కదల్లేదు. నేనే వెళ్లి చెప్పాను. మేనేజరు నన్ను పెట్టెల లేబుళ్లు స్కాన్ చేసే పనికి మార్చాడు. ఆ తరువాత నా షిఫ్టులు ఒక్కొక్కటిగా తగ్గి, చివరికి ఆగిపోయాయి. ఎవరు ఆపించారో అడగాల్సిన పని లేదు.

వ్యాయామాలతో నడుము మెల్లగా కుదుటపడింది. చాలా నెలల తరువాత ఏజాక్స్ అనే ఊళ్లో ఒక పుట్టినరోజు పార్టీలో ఆ సూపర్‌వైజరు భార్యతో ఎదురయ్యాడు.

"ఏం చెల్లె, సెట్ అయిందా?" అని నవ్వాడు.

"నీతో మాట్లాడాలని లేదు," అన్నాను.

అతని భార్య ముఖం వాడిపోయింది. నాకు జాలి కలగలేదు. ప్లేటు తీసుకుని బిర్యానీ లైన్లోకి వెళ్లాను.