మార్చి కట్టిన తెరచాపలు

2022 వేసవి. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీల వరస వెనక మా సెయిల్ లాఫ్ట్ ఉంది. పందెం పడవల తెరచాపలు కత్తిరించి, కుట్టి, బాగుచేసే చోటును అలా అంటారు. నున్నటి చెక్క నేల ఉన్న పెద్ద హాలు అది. ఒక్కో తెరచాప ఇంటి గది కంటే పెద్దది కాబట్టి ఆ నేలే మా బల్ల. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. కుట్టుమిషన్లు గోతుల్లో ఉంటాయి, మేం గోతిలో దిగి కూర్చుంటే గుడ్డ నేల మీదే జారుతుంది. తణుకులో జాకెట్లు కుట్టుకున్న నేను దుబాయ్ వచ్చి ఏడేళ్లు ఇళ్లల్లో పనిచేశాక ఈ కొలువు దొరికింది. మళ్లీ మిషన్ ముందు కూర్చున్న మొదటి రోజు నాకు ఏడుపొచ్చింది.

అక్కడ నాలుగో ఏడు నడుస్తుండగా మస్తాన్ భాయ్ రెండు పెద్ద సంచులు మోసుకుని వచ్చాడు. నెల్లూరు మనిషి. ఒక అరబ్బు పెద్దమనిషి పడవ చూసుకుంటూ, పందేల్లో దాన్ని నడిపే ఉద్యోగం. యజమానిని అర్బాబ్ అంటాడు. ఆయన పాత పడవ అమ్మేసి ఇంకోటి కొనాలనుకున్నాడు. ఒకే రకం, ఒకే పొడవు, ఒకే వయసున్న రెండు పడవలు ఒకే యార్డులో అమ్మకానికి ఉన్నాయి. నీలంది తళతళలాడుతోంది, కప్పులు గెలిచింది, ధర కూడా అలాగే ఉంది. తెల్లది రంగు వెలిసిపోయింది, చవక. ఏది కొనాలో మస్తాన్ భాయ్ చెప్పాలి.

"పోయినేడు అన్ని పందేల్లో ఎనకబడినాం. ఈసారి గూడా అట్నే అయితే నీ దారి నువ్వు చూసుకో అన్నాడు అర్బాబ్. ఇది తప్పు జెప్పినానంటే నా వీసా ఖలాస్" అన్నాడు. "రెండిటి తెరచాపలు తెచ్చినా. గుడ్డ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. చూసి జెప్పు రత్నమ్మా."

మన పని కుట్టడమే, పడవల మీద తీర్పులు చెప్పొద్దని మా ముదీర్, అంటే మేనేజరు, ఎప్పుడూ అంటుంటారు. ఆ రోజు ఆయన లేరు. రెండింటి మెయిన్ సెయిల్, అంటే స్తంభానికి కట్టే పెద్ద తెరచాప, నేల మీద పరిచాను. ఇక్కడి ఎండకు గుడ్డ కంటే ముందు దారం పోతుంది, అందుకని దారమే చూశాను. నీలం పడవదానికి ఒక్క పోగు లేవలేదు. తెల్లదానికి ఏడు అతుకులు.

"నీలమే కొనండి భాయ్, ఇందులో ఆలోచించేదేముందండి" అన్నాను, ఏదో పెద్ద డాక్టరమ్మలా. అతను అక్కడే నిలబడి అర్బాబ్‌కు ఫోన్ చేసి నీలం అని చెప్పేశాడు.

మర్నాడు ఉదయం తెరచాపలు మడత పెడుతుంటే నా చేతికి అనుమానం తగిలింది. నీలందాని మొదటి మడత గీతలు ఇంకా చెరగలేదు. గుడ్డ పెళపెళమంటోంది. నాలుగుసార్లు కూడా గాలికి ఎత్తి ఉండరు. మరి ఆ కప్పులు గెలిచిన తెరచాప ఎక్కడ? తెల్లదాని అతుకులేమో స్తంభానికి రాసుకునే చోటనే ఉన్నాయి. గాలికి సాగిపోయిన తెరచాప పొట్టను ఎవరో ఒక కుట్టు విప్పి, బిగించి సరిచేశారు. దాన్ని బాగా నడిపారు, బాగా చూసుకున్నారు. నేను చేసిందేమిటంటే, కొత్త చీర చూసి పెళ్లికూతురి ఆరోగ్యం చెప్పడం.

గంటసేపు గోతిలో ఊరికే కూర్చున్నాను. చెబితే నా కొలువు, చెప్పకపోతే అతని కొలువు. చివరికి భయపడుతూనే ముదీర్ దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన గోవా మనిషి, ముక్కు మీదే కోపం.

"ఎప్పుడైనా పడవ ఎక్కావా?" అని హిందీలో అడిగారు.

"లేదు సార్."

"నాలుగేళ్లలో ఒక్కసారి కూడా?"

లేదన్నట్టు తలూపాను. "నాదీ తప్పే. నీచేత కుట్టించాను గానీ చూపించలేదు" అని, ఆయనే యార్డుకు ఫోన్ చేశారు. రెండు పడవలనూ ఒకే ఉదయం నీళ్లలోకి దింపాలి, మొదట దేని తెరచాప దానికి, తర్వాత ఒకదానిది ఇంకోదానికి మార్చి కట్టాలి. అప్పుడు గుడ్డ బలమేదో పడవ బలమేదో విడిగా తెలుస్తుంది. ఒకే రకం పడవలు కాబట్టి ఇది కుదిరింది.

మస్తాన్ భాయ్‌కు నేనే ఫోన్ చేశాను. "తొందరపడి చెప్పానండి భాయ్. నాకు తెలీదు."

"నేను జెప్పేసినా గదమ్మా" అన్నాడు. మళ్లీ తనే, "సరే, అర్బాబ్‌తో నేను మాట్లాడుకుంటాలే. యల్లా, కట్టి చూద్దాం" అన్నాడు.

ఎండ ముదరకముందే బయల్దేరాం. లైఫ్ జాకెట్ బిగించుకుని ముదీర్ నడిపే తెల్ల పడవలో కూర్చున్నాను. నీలందాన్ని మస్తాన్ భాయ్ నడిపాడు. మొదటిసారి నీలందే కొంచెం ముందుంది. నేను అనవసరంగా ఇంతమందిని తిప్పానని బెంగపడ్డాను. ఒడ్డుకొచ్చి తెరచాపలు మార్చి కట్టారు. ఈసారి తెల్ల పడవ నీలందాన్ని చాలా వెనక వదిలేసింది. "చూడు, అది రెండు వేళ్లు లోతుగా కూర్చుంది" అని ముదీర్ చూపించారు. మెరుపు కోసం పూత మీద పూత వేసి బరువు పెంచారట. నేను కుట్టేలాంటి గుడ్డలు గాలికి ఎలా పొంగుతాయో కూడా ఆ రోజే చూశాను, ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అర్బాబ్ తెల్లదే కొన్నాడు. దానికి కొత్త తెరచాపలు మేమే కుట్టాం. చలికాలం పందేల్లో ఒకసారి రెండో స్థానం, రెండుసార్లు మూడో స్థానం వచ్చాయి. మస్తాన్ భాయ్ వీసా రెన్యువల్ అయింది.

సీజన్ అయ్యాక అర్బాబ్ స్వయంగా మా లాఫ్ట్‌కు వచ్చాడు. మస్తాన్ భాయ్‌ను చూపించి ముదీర్‌తో హిందీలో అన్నాడు: "ముందు నీలం పడవ అన్నాడు. మర్నాడు తనే వచ్చి, నేను సరిగా చూడలేదు, తప్పు నాదే అన్నాడు. అలా చెప్పే మనిషిని ఎలా వదులుకుంటాను?"

నా పేరు అతను ఎత్తనే లేదని అప్పుడు తెలిసింది. నాకు వచ్చిన హిందీలో, ఆ తప్పు నాదని అర్బాబ్‌కు చెప్పేశాను. ఆయన మా ఇద్దరినీ చూసి నవ్వి ఊరుకున్నాడు. తర్వాత మస్తాన్ భాయ్‌ను అడిగాను, నా పేరెందుకు చెప్పలేదని.

"నీ మాట నా నోటితో జెప్పినాక అది నా మాటే గదమ్మా" అన్నాడు.

అప్పటినుంచి ఎవరు అడిగినా, దీన్ని నీళ్ల మీద చూడలేదండి అని ముందు చెబుతాను. నా మాట పట్టుకుని ఇంకొకరు వెళ్లి నిలబడతారని నాకు నేర్పింది మస్తాన్ భాయే. ఆయన చల్లగా ఉండాలి.